ఆ లోకంలో అన్నం ఎవరు వండుతారు?

అరణ్యవాసంలో ఉన్న ధర్మరాజుకి సూర్యభగవానుడు అక్షయపాత్ర ఇచ్చిన కథ మనందరికీ తెలిసిందే. ఎంతమంది అతిథులు వచ్చినా, ఎన్ని విస్తళ్ళు పరిచినా ఆ పాత్రలో అన్నానికి లోటుండదు. అయితే దానికో షరతు ఉంది. ద్రౌపది తినేంతవరకే దాని మహిమ. ఆవిడ తిని, పాత్ర కడిగి బోర్లించిందంటే ఆ పూటకి ఇక అంతే సంగతులు. దుర్వాసుడు శిష్యులతో సహా వచ్చిపడింది సరిగ్గా ఆ తర్వాతే కదా! చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా కృష్ణుడు వచ్చి మెతుకు నోట్లో వేసుకునే ఘట్టం మీదే మనసంతా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నన్ను గుచ్చుకునేది ఆ షరతు. ఇంతటి అద్భుతాన్ని ఊహించగలిగిన వాళ్ళు కూడా ఇల్లాలు అందరికంటే ఆఖర్న తినాలన్న నియమాన్ని కదిలించలేకపోయారు. సూర్యుడు కిందికి దిగి వచ్చాడు గాని, ద్రౌపది విస్తరి మాత్రం ముందు వరసలోకి జరగలేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, కొన్ని నెలలుగా నేను వరసబెట్టి అద్భుత నవలలూ, సైన్సు నవలలూ చదువుతున్నాను. "సంసారాల గురించి వ్రాసుకునేదానివి, నీకీ గ్రహాల గోలెందుకే?" అని మా అక్కయ్య వేళాకోళం కూడా చేసింది. గోల ఏముంది? ఈ సరుకు మనకేమన్నా కొత్తదా? మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ చెప్పినవన్నీ వింతలే. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'మకరదేవత' తర్వాతి భాగం కోసం నెలంతా ఎదురుచూసిన ఇళ్ళు ఎన్ని! 1951లో 'పాతాళభైరవి'కి చప్పట్లు కొట్టిన జనమే, 1991లో 'ఆదిత్య 369'లో కాలయంత్రం ఎక్కి రాయలవారి కొలువుకి వెళ్ళొచ్చారు. మాయలూ యంత్రాలూ మన రక్తంలోనే ఉన్నాయి.

అయితే ఈ నవలల్ని తూచడానికి నాకో సొంత తూనికరాయి ఉంది. ఇంగ్లీషు విమర్శకులు కథనమనీ, శిల్పమనీ, శాస్త్రీయత అనీ ఏవేవో చూస్తారు. నేను మాత్రం పుస్తకం తెరవగానే ఒకటే ప్రశ్న వేస్తాను: ఈ లోకంలో అన్నం ఎవరు వండుతారు? అంట్లు ఎవరు తోముతారు? పిల్లకి జ్వరం వస్తే రాత్రి ఎవరు మేలుకుని ఉంటారు? నవ్వకండి. మా బోటి వాళ్ళ నవలల్ని 'వంటింటి సాహిత్యం' అని చప్పరించి పారేసే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. రెండు సూర్యుళ్ళనీ, ఏడు చంద్రుళ్ళనీ ఊహించిన మహానుభావుడు వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి తన అమ్మమ్మ ఇంటినే మక్కీకి మక్కీ దింపేస్తే, ఆ ఊహకి వెయ్యాల్సిన మార్కులెన్నో చెప్పవలసింది ఆ గడప లోపల ఉన్నవాళ్ళే.

మొదట తేలిక పుస్తకం. ఆండీ వైర్ అనే అమెరికన్ వ్రాసిన 'ది మార్షియన్'. ముందు ఆయన దీన్ని అధ్యాయం అధ్యాయంగా సీరియల్ లాగా తనంతట తానే జనానికి చదివించాడు. 2011లో సొంతంగా పుస్తకం చేశాడు. 2014లో పెద్ద ప్రచురణకర్తలు అందుకున్నారు. కథ చిన్నది. అంగారక గ్రహం మీద తుఫానులో ఒక వ్యోమగామి తప్పిపోతాడు. చచ్చిపోయాడనుకుని మిగతా వాళ్ళు వెళ్ళిపోతారు. అతను బతికే ఉన్నాడు. చేతిలో ఉన్న తిండి కొద్ది, గడపాల్సిన రోజులు కొల్లలు. ఇక అక్కణ్ణించీ మొదలవుతుంది లెక్క. పండగ పూట వండుకోవడానికని పంపిన బంగాళాదుంపల్ని ముక్కలు కోసి, ఆ ఎర్రమట్టిలో మనుషుల మలాన్నే ఎరువుగా వేసి పంట పండిస్తాడు. ఎన్ని దుంపలు, ఎన్ని రోజులు, రోజుకెన్ని... అచ్చం ఇరవయ్యో తారీకు దాటాక డబ్బాలు తట్టి చూసుకునే ఇల్లాలి లెక్కే! ఈ నవలని మగపిల్లలు యంత్రాల కోసం చదువుతారట. నేను మాత్రం పొదుపు కోసం చదివాను. లోటు ఏమిటంటే, అన్నాళ్ళ ఒంటరితనంలోనూ అతగాడి జోకులు ఆగవు. ఒక్క రాత్రయినా గుండె చెదిరి ఏడ్చి ఉంటే మరికాస్త దగ్గరయ్యేవాడు.

ఇక టోల్కీన్. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 55లలో మూడు సంపుటాలుగా వచ్చింది. ఇప్పటికీ అద్భుత నవలలకి పెద్ద దిక్కు. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు గారికి భాషలన్నా, చెట్లన్నా ఎంత ప్రేమో! ఆయన అడవుల్లో నడుస్తుంటే నా కాళ్ళు నొప్పి పుట్టాయంటే నమ్మండి. అయితే వందల పేజీలు తిప్పినా ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఎయోవిన్ అనే రాచకన్య ఒకతె ఉంది. ఇంట్లో పంజరంలో పడి ఉండడం తప్ప తనకి దేనికీ భయం లేదంటుంది. మగవేషం వేసుకుని యుద్ధానికి పోయి, ఎవరివల్లా కాని శత్రువుని చంపుతుంది. ఆ అమ్మాయి కోసం ఎన్ని పేజీలైనా ఓర్చుకోవచ్చు.

కాని నా తూనికరాయికి బరువు తూగినవాడు శామ్ అనే తోటమాలి. ప్రపంచాన్ని కాపాడే ప్రయాణంలో కూడా గిన్నెలూ, ఉప్పు డబ్బా మోసుకుపోయేవాడు అతనొక్కడే. దారిలో కుందేలు దొరికితే ఆకులూ అలములూ వేసి కూర వండిపెడతాడు. చివర్లో బరువు తగ్గించుకోవడానికి ఆ గిన్నెల్ని లోయలోకి విసిరేయవలసి వస్తుంది. అవి దొర్లుతున్న చప్పుడుకి అతని గుండె పడిన బాధ, ఇన్ని రాజవంశాల పతనం చదివినా నాకు కలగలేదు. ఇల్లు మారేటప్పుడు పాత ఇత్తడి గిన్నెలు తూకానికి వేసిన వాళ్ళకి ఆ చప్పుడు తెలుస్తుంది.

మూడోది నవల కూడా కాదు, పట్టుమని గంటసేపట్లో అయిపోయే కథ. అయినా దాన్ని వదిలితే ఈ వ్యాసానికి అర్థం లేదు. బెంగాలీ ముస్లిం ఇల్లాలు రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో వ్రాసిన 'సుల్తానాస్ డ్రీమ్'. అచ్చయింది 1905లో, మన మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మేగజైన్'లో. ఆ పత్రికకి సంపాదకురాలు కమలా సత్యనాథన్, తెలుగింటి ఆడపడుచు. చూశారా, నూట ఇరవై ఏళ్ళ క్రితం మన దేశంలో ఆడది వ్రాసిన సైన్సు కథ లోకానికి అందింది ఒక తెలుగామె చేతి మీదుగా!

ఆ కలలో ఆడవాళ్ళు బయట, మగవాళ్ళు ఘోషాలో. ఆడవాళ్ళ విశ్వవిద్యాలయం ఒకటి మబ్బుల్లోంచి నీళ్ళు పట్టుకుంటుంది, ఇంకొకటి ఎండ వేడిమిని పోగుచేసి దాస్తుంది. యుద్ధం వస్తే ఆ వేడినే శత్రువుల మీదికి తిప్పి గెలుస్తారు. వంటిల్లు కూరగాయల తోట మధ్య ఉంటుంది. పొగ లేదు, మసి లేదు, వంట ఎండతోనే. వండేది మగవాళ్ళు. అతిథి చూడ్డానికి వస్తోందని వాళ్ళని కాసేపు అవతలికి పొమ్మంటారు! రోజుకి రెండు గంటలే పని చేసి రాజ్యం ఎలా నడుపుతున్నారని అడిగితే జవాబేమిటో తెలుసా? మగాడు రోజుకి పన్నెండు చుట్టలు కాలుస్తాడు, చుట్టకి అరగంట, అంటే ఆరు గంటలు పొగకే పోయాయి కదా అని! ఊరు వెళ్ళిన భర్త తిరిగొచ్చి, నిలబడ్డ చోటనే ఇదంతా చదివి, భయంకరమైన ప్రతీకారం అన్నాడట. అన్నగారి దగ్గర రాత్రిపూట దీపం వెలుగులో, ఎవరికీ తెలియకుండా ఇంగ్లీషు నేర్చుకున్న పిల్ల వ్రాసిన కథ ఇది. ఒకర్ని విడిపించి ఇంకొకర్ని గదిలో పెట్టడం న్యాయమా అని అడగొచ్చు. న్యాయమని ఆవిడా అనలేదు. తలకిందులు చేసి చూపిస్తేగాని నిటారుగా ఉన్నప్పటి అన్యాయం కనబడదని ఆవిడ ఎత్తు.

ఇక ఉర్సులా కె. లెగ్విన్. 1929లో పుట్టి 2018లో పోయిన ఈ అమెరికన్ రచయిత్రి ముగ్గురు పిల్లల తల్లి. తండ్రి పేరుమోసిన మానవశాస్త్రజ్ఞుడు. అందుకేనేమో, ఆవిడ ఏ గ్రహానికి తీసుకెళ్ళినా అక్కడి జనం ఏం తింటారో, పెళ్ళిళ్ళెలా చేసుకుంటారో ముందు చెబుతుంది. 1969లో వచ్చిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'లో గెథెన్ అని ఒక మంచుగ్రహం. అక్కడి మనుషులు మగా కాదు, ఆడా కాదు. నెలకి కొన్ని రోజులు మాత్రం ఏదో ఒకటి అవుతారు. ఏదవుతారో ముందుగా తెలియదు. ఎవరైనా తల్లి కావచ్చు, ఎవరైనా తండ్రి కావచ్చు. ఆ దేశపు రాజుగారు కూడా నీళ్ళోసుకుంటారు! మొదట నవ్వొస్తుంది. తర్వాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. కనే బాధ ఎవరికైనా రావచ్చునన్నప్పుడు, ఆ బాధని ఎవరూ తేలిక చెయ్యరు. కాన్పుకి సెలవు అడిగితే మొహం ముడుచుకునే ఆఫీసరు ఆ గ్రహంలో ఉండడు. వచ్చే నెల ఆయనకే ఆ సెలవు కావలసి రావచ్చు.

ఈ నవల చదువుతూ నేను మన భాష గురించి చాలాసేపు ఆలోచించాను. లెగ్విన్ ఆ మనుషులందరినీ ఇంగ్లీషులో మగ సర్వనామంతోనే పిలిచింది. దానికి బోలెడన్ని విమర్శలు వచ్చాయి. తెలుగులో అయితే ఏం చెయ్యాలి? మనకి 'వచ్చాడు' మగవాడికే. 'వచ్చింది' ఆవిడకీ అదే, ఆవుకీ అదే, బస్సుకీ అదే! ఏకవచనంలో ఆడదాన్ని తీసుకుపోయి గొడ్డూ గోదా సరసన నిలబెట్టింది మన వ్యాకరణం. కాని బహువచనంలోకి వెళ్తే 'వచ్చారు' అనగానే ఆడా మగా ఒకే పీట మీద కూర్చుంటారు. 'తను' అన్న మాట ఒకటుంది, దానికి ఆడ మగ తేడానే లేదు. 'తనూ', 'వారూ', 'వచ్చారూ'... వీటితో గెథెన్ మనుషుల్ని ఇంగ్లీషులో కన్నా తెలుగులోనే అందంగా పలకరించవచ్చు. గౌరవం ఇస్తే చాలు, మన భాషలో ఆడ మగ తేడా దానంతటదే చెరిగిపోతుంది!

నవల రెండో సగంలో ఇద్దరు మనుషులు ఒక బండి లాక్కుంటూ ఎనభై రోజులు మంచుమైదానం దాటుతారు. ఒక గుడారం, ఒక చిన్న స్టవ్వు, కొలిచి పంచుకున్న తిండి. ఒకరి నొకరు అనుమానించుకున్న వాళ్ళు ఆ స్టవ్వు పక్కనే స్నేహితులవుతారు. ఇన్ని చెప్పి, ఆ గ్రహంలో ఒక మామూలు ఇల్లు, పిల్లలతో సతమతమయ్యే ఒక రోజు మాత్రం లెగ్విన్ చూపించలేదు. ఎస్ట్రావెన్ అనే ఆ ప్రధానమంత్రిని పిల్లల తల్లిగా దాదాపు ఎక్కడా చూపించలేదని తర్వాత ఒక వ్యాసంలో ఆవిడే ఒప్పుకుంది.

మధ్యలో మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో వ్రాసిన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' చదివి రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. అందులో ఒకానొక రోజున ఆడవాళ్ళ ఉద్యోగాలన్నీ తీసేస్తారు, బ్యాంకు ఖాతాలు స్తంభింపజేస్తారు. ఆ డబ్బు భర్తకో, మగ బంధువుకో చెందుతుంది. నాయిక భర్త మంచివాడే. నేను చూసుకుంటానుగా అని ఓదారుస్తాడు. ఆ ఓదార్పులోనే ఆమెకి వెన్ను చల్లబడుతుంది, తనకి జరిగింది అతనికి అంత బాధగా లేదేమోనని. మంచి మొగుడి మంచి మాటలో ఇంత భయం పెట్టిన రచయిత్రిని నేను ఇంకెక్కడా చూడలేదు. మానవజాతి ఎక్కడో ఒకచోట ఇదివరకే చెయ్యని పని ఏదీ తన నవలలో పెట్టలేదని ఆట్‌వుడ్ చెప్పింది. అది తలుచుకుంటేనే అసలు భయం.

మళ్ళీ లెగ్విన్ దగ్గరికే వస్తాను. ఈ పుస్తకాలన్నిటిలో నా ఓటు ఆవిడ 'తెహాను'కే. దీని వెనక కొంచెం కథ ఉంది. 1968 నుంచి 72 దాకా ఆవిడ 'ఎర్త్‌సీ' అనే దీవుల లోకం మీద మూడు నవలలు వ్రాసింది. మాంత్రికుల విద్యాలయంలో మగపిల్లలకే ప్రవేశం. ఆడవాళ్ళ మంత్రం బలహీనమైనదనీ, చెడ్డదనీ అక్కడ సామెతలు. రెండో నవలలో తెనార్ అనే చిన్నపిల్లని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయి, పేరు కూడా తుడిచేసి చీకటి గుడికి పూజారిణిని చేస్తారు. గెడ్ అనే మాంత్రికుడి రాకతో ఆ చీకట్లోంచి బయటపడుతుంది. మూడో నవల చివర గెడ్ లోకాన్ని కాపాడి, శక్తులన్నీ పోగొట్టుకుంటాడు. కథ కంచికి... అనుకున్నారందరూ. పద్దెనిమిదేళ్ళు గడిచాక 1990లో రచయిత్రి నాలుగో పుస్తకం తెచ్చింది.

ఇప్పుడు తెనార్ నడివయసు విధవరాలు. రైతుని పెళ్ళాడి, పిల్లల్ని పెంచి, పొలం చూసుకుంటోంది. సొంతవాళ్ళే మంటల్లోకి తోసేసిన ఒక పిల్లని, సగం మొహం కాలిపోయినదాన్ని, చేరదీస్తుంది. అక్కడికి మహా మాంత్రికుడు గెడ్ వస్తాడు, చేతిలో మంత్రం లేకుండా. రిటైరైన మర్నాడు పొద్దున్న కాఫీ తాగి, ఇక ఎక్కడికి పోవాలో తోచక వరండాలో నిలబడ్డ మగవాడిని చూశారా? అచ్చం అలాగే ఉంటాడు. సిగ్గుతో దాక్కుంటాడు. మేకలు కాస్తాడు. మెల్లిమెల్లిగా ఇంటి పనిలో చెయ్యి కలిపి మనిషవుతాడు. పెద్దయిన కొడుకు ఓడ దిగి ఇంటికొస్తాడు. తిన్న కంచం తియ్యమంటే అది ఆడవాళ్ళ పని అంటాడు. పొలం తనదే అంటాడు, చట్టం కూడా అతని వైపే. గుడి చీకటిని జయించిన తెనార్, కన్నకొడుకుని పెంచడంలో ఎక్కడ తప్పిపోయిందా అని ఆలోచిస్తుంది. మీరూ నేనూ ఆలోచించమూ?

ఈ పుస్తకం వచ్చినప్పుడు పాత అభిమానులు కొందరు నొచ్చుకున్నారు. వీరుణ్ణి మేకలకాపరిని చేసిందనీ, సాహసం తగ్గిందనీ. నాకు తగ్గినట్టనిపించలేదు. కాలిన చేత్తో కంచం పట్టుకోవడం ఒక పిల్లకి నేర్పడం సాహసమే. ఆ పిల్ల అడిగే ప్రశ్నలకి భయపెట్టకుండా, అబద్ధం చెప్పకుండా జవాబివ్వడం అంతకన్నా పెద్ద సాహసం. ముగింపులో ఒక డ్రాగన్ వస్తుంది. ఎందుకొస్తుందో చెప్పను, చదువుకోండి. ఆ ముగింపు కాస్త తొందరగా ముగిసిందన్నది మాత్రం నా ఫిర్యాదు.

చివరిది 2021లో వచ్చిన 'క్లారా అండ్ ది సన్'. వ్రాసినవాడు కజువో ఇషిగురో. నాగసాకిలో పుట్టి, అయిదేళ్ళ వయసులో ఇంగ్లండు చేరి, 2017లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. క్లారా ఒక యంత్రబాలిక. పిల్లలకి తోడుగా ఉండడానికి దుకాణంలో అమ్మే బొమ్మ. ఎండే ఆమె తిండి. జోసీ అనే జబ్బుపిల్ల ఇంటికి వెళ్తుంది. సూర్యుడికి దయ ఉందనీ, జోసీని ఆయనే బాగుచేస్తాడనీ క్లారా నమ్మకం. అందుకని సూర్యుడు అస్తమించే చోటని తాననుకున్న ఒక కొట్టం దగ్గరికి పోయి మొక్కుకుంటుంది. ఆయనకి కోపం తెప్పించే పొగ యంత్రాన్ని పాడుచేస్తానని మాటిచ్చి, తన తలలోని ద్రవాన్నే తీసి అందుకు ఖర్చు పెడుతుంది. రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే మనకి, అరసవల్లి మొక్కులు తెలిసిన మనకి ఆ యంత్రం పరాయిదెలా అవుతుంది? పరదేశపు విమర్శకులకి అది వింత. మనకి అది మన అమ్మ.

పిల్ల కోలుకుంటుంది. పెద్దదవుతుంది. ఇక క్లారాతో పనేముంది? మొదట సామాన్ల గదిలోకి మారుతుంది, తర్వాత పాత యంత్రాల దొడ్లోకి. అక్కడ కూర్చుని ఎవరి మీదా ఫిర్యాదు లేకుండా జ్ఞాపకాలు సర్దుకుంటూ ఉంటుంది. ఆ పేజీల దగ్గర నేను పుస్తకం మూసి కూర్చున్నాను. మన ఇళ్ళల్లో చంటిపిల్లల్ని ఎత్తుకోవడానికి పల్లెనుంచి తెచ్చుకున్న పిల్లలు ఉండేవాళ్ళు కదా! తనకే ఆడుకునే వయసు. మన బిడ్డ చంక దిగి బడికి వెళ్ళాక ఆ పిల్ల ఏమైంది? ఎక్కడుంది? మనలో ఎంతమందికి తన పేరు గుర్తుంది? యంత్రం కోసం కన్నీళ్ళు పెట్టించిన ఇషిగురో, ఆ కన్నీళ్ళు నిజానికి ఎవరికి బాకీయో చెప్పకుండా వదిలేశాడు. అంతకంటే గొప్పగా ఈ నవలని మెచ్చుకోవడం నాకు చేతకాదు. కథ మధ్యలో తల్లికి సంబంధించిన రహస్యం కాస్త ముందుగానే తెలిసిపోతుంది. అయినా ఫరవాలేదు.

ఈ రకం పుస్తకాలంటే బెరుకున్నవాళ్ళు 'సుల్తానాస్ డ్రీమ్'తో మొదలుపెట్టండి, మధ్యాహ్నం కునుకు పట్టేలోపల అయిపోతుంది. తర్వాత 'మార్షియన్'. ఓపిక ఉంటే ఎర్త్‌సీ నవలలు వరసగా చదివి 'తెహాను'కి రండి, మధ్యలో దూకితే రుచి తెలియదు. 'హ్యాండ్‌మెయిడ్స్ టేల్' మాత్రం ఇంట్లో ఎవరూ లేని రాత్రి చదవకండి.

మన తెలుగు రచయితలకీ ఒక మనవి. క్షుద్రదేవతల్ని చూశాం, రాకెట్లని చూశాం. అక్షయపాత్రని ఇంకోసారి ఊహించండి. ఈసారి ద్రౌపది ముందు తిన్నా అన్నం అయిపోని పాత్రని. అటువంటి నవల ఎవరైనా వ్రాస్తే మొదటి ప్రతి నేనే కొంటాను, రెండోది మా అక్కయ్యకి పంపుతాను.